ఆ ఇంటి ఇల్లాలిని అడగండి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటూ పెద్దలు రెంటినీ ఒకే గాటన కట్టారు. కానీ ఆ రెంటికీ మనం చేసే వాకబులో ఎంత తేడా! పెళ్లికొడుకు గురించయితే వాళ్ల ఊరికి మనిషిని పంపుతాం, పక్కింటివాళ్లను కదుపుతాం, సిగరెట్టు సంగతి దాకా కూపీ లాగుతాం. జీవితమంతా కూడబెట్టిన డబ్బు చేతిలో పెట్టే మేస్త్రీ దగ్గరికొచ్చేసరికి ఒకటే ప్రశ్న. "అడుగుకి ఎంత?" ఎవరు తగ్గిస్తే వాళ్లకే తాంబూలం!

పైగా ఈ మాటలన్నీ వరండాలో మగవాళ్ల మధ్యే అయిపోతాయి. మనం టీ కప్పులు అందించి లోపలికొచ్చేస్తాం. ఆ తర్వాత గోడలకు నీళ్లు కొట్టించేదీ, సిమెంటు బస్తాలు లెక్కపెట్టేదీ, కూలీలు రాకపోతే ఫోన్లు చేసేదీ మాత్రం మనమే. తాకట్టుకెళ్లేవీ మన గాజులే.

మా వీధిలో ఒకావిడ ఇంట్లో బాత్‌రూము నీళ్లు గుమ్మం వైపు వస్తాయి. గృహప్రవేశం నాడు అందరూ టైల్స్ రంగు మెచ్చుకున్నారు, వాటం ఎవరు చూస్తారు? ఇప్పుడావిడ రోజూ చీపురుతో నీళ్లు వెనక్కి తోస్తోంది. వాళ్లాయన్ని అడగండి, "బాగానే కట్టాడండీ" అంటారు. అబద్ధం కాదు పాపం, ఆయన ఎన్నడూ చీపురు పట్టలేదంతే.

అందుకే నేననేది, మేస్త్రీ ఇప్పుడు కడుతున్న ఇల్లు కాదు, కట్టి కనీసం రెండు వానాకాలాలు గడిచిన ఇల్లు చూపించమనండి. వెళ్లి ఆ ఇల్లాలితో మాట్లాడండి. ట్యాంకు కింద స్లాబు చెమ్మగిల్లిందా? కిటికీ సజ్జ మీంచి నీళ్లు లోపలికి దిగుతున్నాయా? మధ్యలో పని ఆపి ఎక్కువ అడిగాడా? అన్నిటికంటే ముఖ్యం, డబ్బంతా ముట్టాక పిలిస్తే వచ్చాడా? పావుగంటలో జాతకమంతా తెలిసిపోతుంది.

ఇక కాగితం. "నా మీద నమ్మకం లేదా అమ్మా?" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. నమ్మకం వేరు, లెక్క వేరు. ఆ కాగితం అతనికీ రక్షే. గోడ లేచాక "ఇక్కడో అటక, అక్కడో గూడు" అనేది మనమే కదా! కూలీ గుత్తా, సామాన్లతో సహానా? అడుగుల లెక్కలో బాల్కనీ, మెట్లు, పిట్టగోడ, సంపు ఉన్నాయా లేవా? సగం తగాదాలు ఇక్కడే మొదలవుతాయి. డబ్బు కూడా పండగలను బట్టి కాక పనిని బట్టి ఇవ్వాలి. పునాదికి ఇంత, స్లాబుకి ఇంత అని రాసుకుని, కొంత సొమ్ము ఇల్లు అప్పగించాక ఓ వాన పడేదాకా అట్టిపెట్టుకోవాలి.

నీళ్లు ఎవరు కొట్టాలో కూడా రాయండి. కాంక్రీటును మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, పీపీసీ అయితే 10 రోజులు తడిగా ఉంచాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. మరీ తక్కువ రేటుకి ఒప్పుకున్నవాడు ఆ తగ్గింపు ఎక్కడో ఓ చోట రాబట్టుకోవాలిగా, సిమెంటు పాళ్లలోనో, ఈ రోజుల్లోనో కోత పెడతాడు.

1993లో చేసిన సవరణతో ఇళ్ల నిర్మాణం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. 2019 నాటి కొత్త చట్టంలోనూ ఉంది. పని చెడగొట్టినా, మధ్యలో వదిలేసినా రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. నోటిమాటతో అక్కడ నెగ్గడం కష్టం. అందుకే ఇచ్చిన ప్రతి రూపాయికీ సంతకం పెట్టించుకోండి. స్థలం మీ పేరున ఉంటే ఒప్పందం మీద సంతకం కూడా మీదే ఉండాలి. ఆ కాగితాలు బీరువాలో పట్టుచీరల కింద దాచినా సరే, ఇల్లు పూర్తయిన సంబరంలో మాత్రం పారేయకండి.