ఆకుకూరలు – అలసట



క్రిందటి నెల యీ పుటలలో మజ్జిగనుగూర్చి వ్రాసినది చదివి, కోనసీమనుండి యొక సోదరి నాకు జాబు వ్రాసినది. ఆమెకు రెండేండ్లనుండి తీరని అలసట. రాత్రి యెనిమిది గంటలు నిద్రించినను, వేకువను లేచునప్పటికి రాత్రియంతయు రోకలి పట్టినట్లుండునట. "ఆకుకూరలలో ఆక్జలేటు అను విషమున్నదనియు, దానిని మానినచో నీ రోగము కుదురుననియు ఒకరు చెప్పినారు. పాలకూర, తోటకూర, నువ్వులు, చేమదుంప మానివేసితిని. ఇంకను ఏమేమి మానవలయునో తెలుపుడు" అని యడిగినది. ఇంకేమియు మానవలదని చెప్పుటకే యీ నెల కలము పట్టితిని. ఈ త్రోవలో నేనును నడచి పడి లేచినదానను గనుక కొంచెము విపులముగనే వ్రాయుదును.

2021వ సంవత్సరపు వేసవిలో కోవిడు జ్వరము మా యింటిల్లిపాదిని పట్టి విడిచినది. తక్కినవారు పదునైదు దినములలో తేరుకొనిరి. నేను తేరుకొనలేదు. బట్టలుతికిన నాడు బాగుగనే యుందును. మఱునాడో, ఆ మఱునాడో మంచము విడువలేకపోయెడిదానను. నిలుచున్నచో కన్నులు చీకట్లు క్రమ్మును. చిన్ననాడు నాయనగారియొద్ద అమరము వల్లించిన నాకు, పద్యము నాల్గవ పాదమునకు వచ్చునప్పటికి మొదటి పాదము జ్ఞప్తికి రాదు. వైద్యులు రక్తపరీక్షలు చేయించి అన్నియు సరిగానున్నవనిరి. అంతకంటె చెడ్డ మాట యింకొకటి లేదు. పరీక్షలో రోగము కనబడనప్పుడు చూచువారికి బద్ధకమే కదా కనబడునది! మా అత్తగారు నోటితో ఒక్క మాటయు అనలేదు. చీపురు తామే తీసికొని వసారా ఊడ్చెడివారు. ఆ చప్పుడు వినలేక నేను గోడవైపు తిరిగి పరుండెడిదానను.

దీనికొక పేరున్నదని తెలియుటకు నాకు ఏడాది పట్టినది. ఇప్పటి వైద్యులు దీనిని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనుచున్నారు. దీర్ఘకాలపు అలసట రోగమని చెప్పుకొనవచ్చును. క్రొత్తది కాదు. 1934లో అమెరికాలోని లాస్ ఏంజిలిసు నగరపు ఆసుపత్రిలో పనిచేయువారికి ఇటువంటి జబ్బు సోకినది. 1955లో లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో దాదాపు మూడువందలమంది ఉద్యోగులు పడకలెక్కగా, ఆసుపత్రినే కొన్ని నెలలు మూసివేసిరి. పదునైదేండ్ల పిమ్మట, 1970లో, ఇద్దఱు మనోవైద్యులు నాటి రోగులను పరీక్షింపకయే పాత కాగితములు చూచి, అది హిస్టీరియా యని వ్రాసిరి. రోగులలో అత్యధికులు స్త్రీలగుట వారు చూపిన కారణములలో నొకటి! ఆ వ్రాత యెందఱి నోళ్లు మూయించినదో తలచుకొన్నచో నాకిప్పటికిని మనస్సు మండును. 2015లో అమెరికా వైద్య పండితుల సంఘము ఇది శరీర వ్యాధియేయని చాటి, లక్షణములను నిర్ణయించినది. ఆఱు నెలలకు మించిన అలసట, పనిచేసిన పిమ్మట, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు దినములు గడచినాక, రోగము ముదురుట, నిద్రించినను సేదదీరకుండుట, వీనితోబాటు బుద్ధిమాంద్యమో, నిలుచున్నప్పుడు తాళలేకుండుటయో. ఈ రోగమును పట్టియిచ్చు రక్తపరీక్ష లేదు. కుదుర్చు మందును లేదు.

మందులేని రోగమునకు వైద్యులు వేయిమంది. నాకును ఒకరు దొరికిరి, పేరు చెప్పను. ఆయన చెప్పినదే ఆక్జలేటు కథ. అందులో కొంత నిజము లేకపోలేదు. మన పెరళ్లలో పూలకుండీల మొదట మొలచు పులిచింతాకు ఉన్నది గదా! ఆ జాతికి పాశ్చాత్యులు ఆక్జాలిసు అని పేరిడిరి; గ్రీకు భాషలో పులుపను అర్థము గల మాటనుండి వచ్చినది. ఆ యాకునకు పులుపునిచ్చునదే ఆక్జాలికామ్లము. 1776లో స్వీడను దేశమున షీలే, బెర్గ్‌మను అను రసాయన శాస్త్రజ్ఞులు పంచదారనుండి దానిని చేసి చూపిరి. పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర, చేమదుంప, కంద, బీటు దుంప, నువ్వులు, బాదము, తేయాకు – వీనియందు ఇది హెచ్చు. నూఱు గ్రాముల పచ్చి పాలకూరలో ఆఱువందలనుండి వేయి మిల్లీగ్రాముల వరకుండును. ఆక్జలేటు మితముగా తినవలసినవారికి వైద్యులు సాధారణముగా దినమునకు 50 మిల్లీగ్రాములు దాటవలదందురు. కంద తఱిగిన చేతులు దురదపెట్టుట మనమెల్లరము ఎఱిగినదే. అందు సూదులవలె మొనలుగల కాల్షియం ఆక్జలేటు స్ఫటికములుండుటయే దానికి ముఖ్య కారణము. (అమరమున కందకు సూరణమనియు, అర్శోఘ్నమనియు పేళ్లు. మూలశంక పోగొట్టునని పేరు పొందిన దుంపను నేడు విషమనుచున్నారు!) మూత్రపిండములలో పుట్టు రాళ్లలో నెక్కువ భాగము ఈ కాల్షియం ఆక్జలేటువే. ఇంతవరకు శాస్త్రము. ఈ స్ఫటికములే కండలలో చేరి అలసట కలిగించుచున్నవనుట మాత్రము నిరూపితము కాలేదు. ఆక్జలేటు మానుటచే ఈ రోగము కుదురుననుటయు అట్టిదే.

నాకు అప్పుడు ఈ విచక్షణ లేదు. మునుగువాడు గడ్డిపోచను పట్టుకొన్నట్లు పట్టుకొంటిని. మొదట పాలకూర మానితిని. తరువాత ఆకుకూరలన్నియు, తరువాత నువ్వులు, వేరుసెనగలు, సెనగపప్పు, చిలగడదుంప. అట్లతద్దెనాడు ఇరుగింటివారు చిమ్మిలి పెట్టగా చేత పట్టుకొని యింటికి వచ్చి పిల్లలకిచ్చితిని. బలమునకని ఆయనయే విటమిన్ సి మాత్రలు, పెద్ద మోతాదువి, దినమునకు మూడు మ్రింగించెను. శరీరములో మిక్కిలియైన విటమిన్ సి కొంత ఆక్జలేటుగనే మాఱునని నాకు తరువాత తెలిసినది. వాకిట ఊడ్చిన చెత్తను పెరటిదారిని లోనికి తెచ్చుకొన్నట్లయినది. ఐదు నెలలలో ఏడు కిలోల బరువు తగ్గితిని. గాజులు మోచేతివఱకు జాఱుచుండెను. అలసట వీసమంతయు తగ్గలేదు. పైగా ఈసారి రక్తపరీక్షలో రోగము కనబడెను. హిమోగ్లోబిన్ తొమ్మిదికి దిగినది.

మా పట్టణపు వైద్యురాలు నా పథ్యపు పట్టిక చదివి చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అమ్మా, మీకు ఒక రోగముండెను, ఇప్పుడు రెండైనవి" అనినది. ఆమె చెప్పిన సంగతులు వంటయింటికి పనికివచ్చునవి గనుక వ్రాయుచున్నాను. ఆక్జలేటులో నీట కరగునది, కరగనిది యని రెండు విధములు. కరగునదే యెక్కువగా రక్తములో చేరును. ఆకును హెచ్చు నీటిలో ఉడికించి వార్చినచో, కూరనుబట్టి, కరగుదానిలో నూటికి 30నుండి 87 వంతులవఱకు పోవునని 2005లో ప్రకటించిన పరిశోధన చెప్పుచున్నది. పాలు, పెరుగులలోని కాల్షియము ఆక్జలేటును ప్రేవులలోనే పట్టి బయటికి పంపును. పాలకూరకు తోడు పెరుగన్నము తినుట అందుచే మంచిదే. మఱి పాలకూరలోని కాల్షియము మనకు దక్కునా యన్నచో, దక్కదు: పాలలోని కాల్షియములో నూటికి 27 వంతులు ఒంటబట్టగా, పాలకూరలోనిది ఐదు వంతులేనని 1988లో కొలిచి చూచిరి. సొర, పొట్ల, దోస, క్యాబేజి – వీనియందు ఆక్జలేటు స్వల్పము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన ఆహారపదార్థముల పట్టికలలో మన కూరల ఆక్జలేటు లెక్కలును ఉన్నవి. ఊరివారి మాటకంటె అది నమ్మదగినది. రాళ్ల రోగము గలవారును, ప్రేవులకు శస్త్రచికిత్స జరిగినవారును, పుట్టుకతోనే దేహమున ఆక్జలేటు హెచ్చుగా పుట్టు జబ్బు గలవారును వైద్యుని సలహాతో తప్పక మితము పాటింపవలెను. తక్కినవారు ప్రతిదినము వార్చనక్కఱలేదు. ఆ నీటితో కొన్ని విటమినులును పోవును.

మఱి అలసటకు? మా వారు ఉపాధ్యాయులు. వైద్యురాలు చెప్పినది విని, ఇంటికి వచ్చి బడి టైంటేబులు వంటిది నాకొకటి గీసి గోడకంటించిరి. వంట ఒక పీరియడు, దాని వెనుక విశ్రాంతి ఒక పీరియడు. బట్టలున్న నాడు ఊడ్పు లేదు. ఒంట్లో బాగున్నదని రెండు పీరియడుల పని ఒకదానిలో చేయరాదు. అదే నాకు మిక్కిలి కష్టమైన నియమము. మంచి దినమున చేసిన ఉబలాటమే చెడ్డ దినములను తెచ్చునది. 2021లో ఇంగ్లండు ప్రభుత్వ వైద్యసంస్థ, నానాటికి వ్యాయామము పెంచుచు పోవు చికిత్సను ఈ రోగులకు వలదని, ఉన్న శక్తిని కొలత మీఱక వాడుకొనుటయే మేలని చెప్పినది. పథ్యముచే చిక్కిపోవువారిని పోషకాహార నిపుణులయొద్దకు పంపుమనియు చెప్పినది. నేను పూర్తిగా కుదురలేదు. చెడ్డ దినములు నెలకు పదునాలుగుండెడివి, ఇప్పుడు ఆఱో యేడో. పొయ్యి యొద్దకు ఎత్తు పీట వచ్చినది. కూరగాయలు కూర్చుండియే తఱుగుదును.

మొన్న కార్తిక మాసములో మా అత్తగారు కందయు బచ్చలియు తెప్పించిరి. చేతులకు నూనె రాసికొని కంద తామే తఱిగి, చింతపండు రసముతో ఉడికించి వార్చిరి. నేను పీటమీద కూర్చుండి ఆవ నూరితిని. "ఇది తినవచ్చునా, నీ పుస్తకములో ఏమున్నది?" అని వారడిగిరి. పెరుగుతో తినవచ్చునంటిని. ఆ పూట రెండు మాఱులు వడ్డించుకొంటిని.

కోనసీమ సోదరి ఈ సంచిక అందగానే బరువు చూచుకొని, రక్తపరీక్ష చేయించుకొని, రెండు అంకెలును నాకు జాబున వ్రాయవలెను. కోనసీమవారికి కంద బచ్చలి వండుట నేను నేర్పనక్కఱలేదు. అది తిన్న సంగతియు అందులోనే వ్రాసిన చాలును.