డీబగ్‌లో నడిచింది, డెమోలో ఆగింది

"నా లాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది సార్!" ప్రాజెక్ట్ రివ్యూ రోజు మన ల్యాబుల్లో తరచూ వినిపించే మాట ఇది. పోయిన సెమిస్టర్‌లో ఆ మాట అన్నది నేనే.

మాది సీ ప్లస్ ప్లస్‌లో రాసిన చిన్న ప్రోగ్రామ్. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ నడవాలని సీమేక్ పెట్టుకున్నాం. మూడు నెలలూ నేను విజువల్ స్టూడియోలో డీబగ్ బిల్డ్‌తోనే పని కానిచ్చేశాను. రివ్యూకి ముందు రోజు రాత్రి మా టీమ్‌మేట్ తన లినక్స్ మెషీన్‌లో రిలీజ్ బిల్డ్ చేశాడు. పొద్దున సార్ ముందు తెరిస్తే ఒక్క రికార్డు కూడా రాలేదు. "నువ్వేదో సెట్టింగ్ మార్చావురా, అందుకే పాడైంది" అని అందరి ముందూ వాణ్ణి అనేశాను. వాడేం మాట్లాడలేదు.

తప్పు వాడిది కాదు, నాదేనని సాయంత్రానికి తేలింది. డేటా ఫైల్ తెరిచే ఫంక్షన్‌ని నేను నేరుగా అసర్ట్ లోపలే పిలిచాను. సీమేక్ రిలీజ్ బిల్డ్‌లో మామూలుగా ఎన్‌డీబగ్ అనే మాక్రో పెడుతుంది. అది ఉంటే అసర్ట్‌లో రాసిందేదీ అసలు నడవదు. అలా నా ఫైల్ తెరుచుకోనే లేదు. అంటే తప్పు మొదటి రోజు నుంచీ కోడ్‌లోనే ఉంది. రిలీజ్ బిల్డ్ దాన్ని బయటపెట్టిందంతే.

అందుకే నేననేది ఒక్కటే: రిలీజ్ బిల్డ్ చివరి రోజు పని కాదు. మొదటి వారం నుంచే రెండు బిల్డ్‌లూ నడపాలి.

డీబగ్ బిల్డ్ చెడ్డదని కాదు. ఆప్టిమైజేషన్ ఉండదు కాబట్టి కోడ్ మనం రాసిన వరసలోనే నడుస్తుంది. బ్రేక్‌పాయింట్ పెట్టి ఏ వేరియబుల్‌లో ఏముందో చూసుకోవచ్చు. నేర్చుకునేవాళ్ళకి అంతకన్నా మంచి గురువు లేడు. కానీ ఆ గురువు కొన్ని తప్పుల్ని కప్పేస్తాడు కూడా. విజువల్ స్టూడియో డీబగ్‌లో కొత్తగా తీసుకున్న మెమరీ అంతా ఒకే రకం విలువతో నిండి ఉంటుంది. మనం విలువ ఇవ్వడం మర్చిపోయిన ఫ్లాగ్ అక్కడ ప్రతిసారీ నిజమనే కనిపిస్తుంది. రిలీజ్‌లో ఆ చోట ఏ చెత్త మిగిలితే అదే వస్తుంది.

రెండు ప్లాట్‌ఫామ్‌లు కలిస్తే ఇంకో తిరకాసు. లినక్స్‌లో మేక్‌ఫైల్స్ వాడితే బిల్డ్ టైప్‌ని కాన్ఫిగర్ చేసేటప్పుడే చెప్పాలి. చెప్పకపోతే అది ఖాళీగా ఉంటుంది: ఆప్టిమైజేషనూ రాదు, డీబగ్ సమాచారమూ రాదు. విజువల్ స్టూడియోలో అలా కాదు, బిల్డ్ చేసేటప్పుడు ఎంచుకోవాలి. పైగా అక్కడి డీబగ్ ఎగ్జీకి డీబగ్ రన్‌టైమ్ డీఎల్ఎల్‌లు కావాలి. విజువల్ స్టూడియో లేని మెషీన్‌లో అవి మామూలుగా ఉండవు. డెమో సిస్టమ్‌లో "డీఎల్ఎల్ దొరకలేదు" అనే డబ్బా వచ్చేది చాలాసార్లు ఇందుకే.

"అసైన్‌మెంట్లకే టైమ్ లేదు, రెండు బిల్డ్‌లా?" అంటారా? రెండు ఫోల్డర్లు, రెండు కమాండ్లు. వారానికోసారి చేసినా చాలు. ఆ పది నిమిషాలు ఇవ్వకపోవడం వల్లే మాకు ఒక రివ్యూ పోయింది. రిలీజ్‌లో మాత్రమే వచ్చే బగ్ తగిలితే సీమేక్‌లో రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో అనే మూడో రకం ఉంది. ఆప్టిమైజేషనూ ఉంటుంది, డీబగ్ సమాచారమూ ఉంటుంది. ఇక అసర్ట్‌లో పరీక్ష మాత్రమే పెట్టండి, పని పెట్టకండి.

ఆ రాత్రి మెస్‌లో వాడి పక్కన కూర్చుని సారీ చెప్పాను. వాడు పప్పు కలుపుకుంటూ, "సారీ సరేగానీ, ముందు ఆ ఫైల్ తెరువురా బాబూ" అన్నాడు.