సీసాలో ఎంత, ఒంట్లోకి ఎంత?

"లోకల్ ఇచ్చి చేసేస్తాం, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు." బెంగళూరులో జుట్టు నాటించుకోవడానికో, కొవ్వు తీయించుకోవడానికో వెళ్లినవాళ్లు తరచూ వినే భరోసా ఇది. మారతహళ్లి చుట్టూ ఉండే మన తెలుగు ఐటీ కుర్రాళ్లకీ ఇదే మాట. చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. కానీ లోకల్ మత్తుమందు రక్తంలోకి హద్దుమీరి చేరితే దెబ్బ పడేది మెదడు మీద, గుండె మీద.

లెక్క చూడండి. లోకల్ మత్తుకి వాడే 2 శాతం లిగ్నోకైన్ 30 మిల్లీలీటర్ల సీసాలో 600 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలో బరువుకి 4.5 మిల్లీగ్రాములు, అడ్రినలిన్ కలిపితే 7 అన్నది విస్తృతంగా పాటించే హద్దు. అంటే 50 కిలోల మనిషికి 225 మిల్లీగ్రాములు, సుమారు 11 మిల్లీలీటర్లు. సీసాలో సగం కూడా కాదు! అడ్రినలిన్ కలిపినా పదిహేడున్నర మిల్లీలీటర్లు దాటకూడదు. జుట్టు నాటడం గంటల తరబడి సాగే పని. తిమ్మిరి తగ్గినప్పుడల్లా మళ్లీ సూది వేస్తారు. ముందు పూసిన క్రీములోనూ లిగ్నోకైనే ఉండొచ్చు. ఇవన్నీ ఒకే కాగితం మీద ఎవరు కూడుతున్నారు? వృద్ధులకు, కాలేయం, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ హద్దు ఇంకా తగ్గాలి. మోతాదు సరిగ్గానే ఉన్నా సూది నేరుగా రక్తనాళంలోకి దిగితే ప్రమాదమే. అందుకే సిరంజి పిడిని వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూసి, కొద్దికొద్దిగా ఆగి ఆగి ఇవ్వాలి.

నాలుక మొద్దుబారడం, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, కారణం లేని కంగారు: ఇవి తొలి సూచనలు. భయపడుతున్నారులే అని సర్దిచెబితే విలువైన నిమిషాలు పోతాయి. తర్వాత ఫిట్స్ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు. కొందరిలో ఏ సూచనా లేకుండానే గుండె లయ తప్పుతుంది.

దీనికి విరుగుడు ఉంది. సోయా నూనెతో చేసే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ ఎలుకల్లో పనిచేస్తుందని 1998లో అమెరికా వైద్యుడు గై వైన్‌బర్గ్ బృందం చూపించింది. 2006లో న్యూయార్క్ డాక్టర్లు ప్రచురించిన కేసులో, దాదాపు ఇరవై నిమిషాల సీపీఆర్‌కీ లొంగని గుండె ఈ మందుతో మళ్లీ కొట్టుకుంది. ఆక్సిజన్ పెట్టి, ఊపిరి నిలబెడుతూ, కిలోకి 1.5 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించాలి. అడ్రినలిన్ మామూలు కంటే బాగా తక్కువ మోతాదులోనే వాడాలి. ప్రొపోఫాల్ కూడా తెల్లగానే ఉంటుంది కానీ దీనికి బదులు కాదు, గుండెని ఇంకా కుంగదీస్తుంది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్తాం అనేవాళ్లు సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌ని ఒక్కసారి తలుచుకోవాలి. ఈ లిపిడ్ సీసా ప్రొసీజర్ జరిగే గదిలోనే ఉండాలి. ప్రొసీజర్ చేసేవాళ్లకి శిక్షణా ఉండాలి. యూట్యూబ్‌లోనో వర్క్‌షాప్‌లోనో చూసి నేర్చుకున్నది జుట్టు మార్పిడికి చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చిచెప్పింది. కర్ణాటకలో ప్రైవేటు క్లినిక్‌లకు 2007 నాటి కేపీఎంఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ రిజిస్ట్రేషన్ కోసం తనిఖీకి వచ్చే అధికారి మూడు అడగాలి: గడువు తీరని లిపిడ్ సీసా, రోగి బరువుతో సహా మందు మోతాదు రాసిన కాగితం, ఫిట్స్ వస్తే ఊపిరి నిలబెట్టగల మనిషి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అక్కడ దంత చికిత్సకు పట్టే కొద్దిపాటి మందుకి మించి ఇవ్వనివ్వకూడదు.