పూచీకత్తు మా ఒక్కరి వైపునే ఎందుకు?

విదేశీ విద్యా సహాయ పథకాలు చూసే ఉన్నతాధికారి గారికి,



నేను కర్నూలు వాణ్ణి. పాలిటెక్నిక్ పిల్లలకు సివిల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ప్రభుత్వ సహాయంతో పై చదువుకు విదేశం వెళ్లిన నా పూర్వ విద్యార్థిని ఒకామెకు పూచీదారుగా స్టాంపు కాగితం మీద సంతకం చేశాను. ఆమె చదువు మధ్యలో మానేసినా, తిరిగి రాకపోయినా, ఇచ్చిన సొమ్మును నా దగ్గర వసూలు చేసుకోవచ్చని ఆ కాగితంలో ఉంది. అది న్యాయమైన షరతే; ప్రజల డబ్బుతో చదువుకున్నవాళ్లు ప్రజలకు జవాబు చెప్పాలి. కానీ ఆ కాగితాన్ని ఎంత నిదానంగా చదివినా, మీరు చెప్పిన గడువుకు డబ్బు పంపకపోతే ఆ నష్టం ఎవరు భరించాలో చెప్పే వాక్యం ఒక్కటీ కనబడదు. ఆ లేని వాక్యం గురించే ఈ లేఖ రాస్తున్నాను.

ఆమె ఊరు చెయ్యేరు ఒడ్డున, అప్పటి కడప జిల్లాలో ఉంది. గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఇంజనీరింగ్ అసిస్టెంటుగా ఉద్యోగంలో చేరింది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువనున్న తొగూరుపేట, పులపత్తూరు, మందపల్లి ఏమయ్యాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలోనే చెప్పారు. ఆ నెల గడవగానే పార్లమెంటు ఆనకట్టల భద్రతకు చట్టం చేసింది. కరువు సీమ అని పేరుపడ్డ మాకు నీళ్లు లేక పోయిన ప్రాణాల లెక్కే అందరికీ గుర్తుంటుంది గానీ, 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు నగరం మునిగిన నాటి నుంచి నీళ్లు వచ్చి పోయిన ప్రాణాల లెక్క కూడా మా దగ్గర ఉంది. చట్టం కాగితం మీద ఉంటే చాలదు, కట్ట మీద నిలబడి ఊట చూసి ప్రమాదం పసిగట్టే మనిషి కావాలి. ఆ మనిషి తానే కావాలనుకుని ఆ అమ్మాయి పై చదువుకు దరఖాస్తు చేసింది.

ఏ పథకమో, ఏ కార్యాలయమో ఇక్కడ రాయను. ఫైలు మీ దగ్గరే ఉంది, మీకు తెలుసు.

మంజూరు పత్రం వచ్చింది. కానీ మొదటి విడత ఆమె అక్కడ దిగాకే ఇస్తారన్నారు. విశ్వవిద్యాలయానికి ముందుగా కట్టాల్సిన డిపాజిట్టు, వీసా, విమానం టిక్కెట్టు, అన్నీ అంతకుముందే కావాలి కదా. ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకు తాకట్టు అడుగుతుంది. వర్షాధారపు మెట్ట భూమిని ఆ తాకట్టుకు ఏ మేనేజరూ సంతోషంగా తీసుకోడు. అందుకని వాళ్లమ్మ బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. రెండో విడత ఆలస్యమైతే తర్వాతి సెమిస్టరు రిజిస్ట్రేషన్ ఆగింది, ఆపద్ధర్మంగా మరో అప్పు తెచ్చారు. మూడోది కూడా అలాగే జరిగింది. నిధులు లేవన్న మాట ఏ ఉత్తరంలోనూ రాలేదు, ఫోనులో మాత్రం వినబడింది. అయినా ఆమె చదువు పూర్తిచేసి, ఇచ్చిన మాట ప్రకారం తిరిగొచ్చింది. చివరి విడత నేటికీ రాలేదు. ఆమెకు ఇప్పుడు ఇచ్చిన పని ఇళ్ల స్థలాల బిల్లులు సరిచూడడం. ఆనకట్ట గానీ, కాలువ గానీ ఆ సీటు దరిదాపుల్లో లేవు.

అయ్యా, ఇది ఒకరి దురదృష్టమైతే మీకు విడిగా ఉత్తరం రాసి ఊరుకునేవాణ్ణి. పథకాల అల్లికే ఇలా ఉంది కనుక పదిమందీ వినేలా రాస్తున్నాను.

1913లో బరోడా సంస్థానం అంబేద్కర్‌ను కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపింది. మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌన్లు ఇస్తామని సంస్థానం అంది, తిరిగొచ్చి పదేళ్లు కొలువు చేస్తానని ఆయన రాసిచ్చారు. గడువు తీరిపోగా లండన్ చదువు సగంలో వదిలి 1917లో వెనక్కి రావలసి వచ్చింది. ఆ సగం పూర్తిచేయడానికి 1920లో, సొంత పొదుపుతో, తెలిసినవారి సాయంతో మళ్లీ ఓడెక్కారు. విద్యార్థి వేతనం ఆగితే ఒక మనిషి జీవితంలో ఎన్నేళ్లు పోతాయో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఆయన పేరుతోనే మన రాష్ట్రంలో విదేశీ విద్యానిధి నడిచింది. 2022లో ఆ పేరు తీసేసి అప్పటి ముఖ్యమంత్రి పేరు పెట్టారు. 2024లో ప్రభుత్వమే మారింది. బోర్డు మీద పేరు మారినప్పుడల్లా, పాత బకాయిలు తమవి కావన్నట్టు మాట్లాడే అలవాటు ఒకటి కార్యాలయాల్లో పాతుకుపోయింది. విద్యార్థి ఒప్పందం చేసుకున్నది ముఖ్యమంత్రితో కాదు, ప్రభుత్వంతో.

కేంద్రం సంగతీ వేరుగా లేదు. 1954 నాటి నుంచి ఉన్న జాతీయ విదేశీ ఉపకార వేతనం ఏటా 125 మందికి. అందులో 115 ఎస్సీలకు, మిగిలిన పది సంచార జాతులకు, భూమిలేని కూలీలకు, చేతివృత్తుల వారికి. 2025 జూలై మొదట్లో 106 మందిని ఎంపికచేసి, 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలు ఇచ్చి, మిగతా 66 మందికి నిధులుంటేనే ఇస్తామన్నారు. ఆ తర్వాత వారిలో ఎవరికి ఎప్పుడు అందినా, విశ్వవిద్యాలయాలకు డిపాజిట్టు కట్టే గడువులు దగ్గరపడే ఆ రోజుల్లో వాళ్ల ఇళ్లలో నిద్ర ఎలా పట్టి ఉంటుందో ఊహించండి. ఎంపికయ్యావని చెప్పి, వెళ్లొచ్చో లేదో చెప్పకపోవడం కన్నా తిరస్కరించడమే దయ.

ఇక ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ల విషయం. మీ నిబంధనలు రాసినవారి మనసులో ఉన్నది నిన్ననే డిగ్రీ పూర్తిచేసిన ఇరవై రెండేళ్ల కుర్రవాడు. అతడు వెళ్లాలి, నేనూ కోరుకుంటాను. కానీ కడప రిమ్స్‌లో నర్సు, నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానంలో పనిచేసే సాంకేతిక సిబ్బంది, హైస్కూలు సైన్సు టీచరు, కాలువ మీద తిరిగే అసిస్టెంటు ఇంజనీరు (ఏఈ), వీళ్లకు ఆ నిబంధనల్లో చోటు లేదు. వయసు 35 దాటకూడదు అంటారు. అదే రాష్ట్ర ప్రభుత్వం 2018 డీఎస్సీ తర్వాత 2025 దాకా మరో డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) జరపలేదు, జరిపినప్పుడు 44 ఏళ్ల వరకు అర్హత ఇచ్చింది. 44 ఏళ్లవారిని కొత్త టీచరుగా చేర్చుకోగలిగినవారికి 36 ఏళ్లవారు చదువుకు ముదిరిపోయినట్టు ఎందుకు తోస్తుందో నాకు అర్థం కాదు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు మించకూడదు అంటారు. భార్యాభర్తలిద్దరూ చిన్న ప్రభుత్వోద్యోగులైతే ఆ గీత దాటేస్తారు. కాంట్రాక్టు మీద ఉన్నవారికైతే స్టడీ లీవు అన్న మాటే లేదు, వెళితే ఉద్యోగం వదులుకోవలసిందే. అన్నీ దాటుకుని వచ్చినవారికి సొంత శాఖ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ఆ పత్రం ఎన్నాళ్లలో ఇవ్వాలో గడువు లేదు.

పై అధికారులకు కేంద్రం ఖర్చుతోనే విదేశీ శిక్షణ ఉంది. తప్పు పట్టడం లేదు. కలెక్టరు రెండేళ్లకు బదిలీ అవుతారు, ఏఈ ముప్పై ఏళ్లు ఆ కాలువల చుట్టే ఉంటాడు. నేర్చుకున్నది ఎవరి చేతిలో ఎక్కువ కాలం పనికొస్తుందో చూడమంటున్నాను.

ర్యాంకుల మాట కూడా చెప్పాలి. రాష్ట్ర పథకానికి 2022లో తొలి 200 ర్యాంకులన్నారు, 2023లో సబ్జెక్టుల వారీగా తొలి 50 అన్నారు, ఫీజు పరిమితి కోటిపాతిక దాకా పెంచారు. వినడానికి గొప్పగా ఉంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఐహెచ్‌ఈ అనే సంస్థ 1957 నుంచి ఒకే ఒక్క విషయం చెబుతోంది, నీరు. వరదలు, కాలువలు, భూగర్భజలాలు, పూడిక. వర్ధమాన దేశాల్లో ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న ఇంజనీర్ల కోసమే మొదలైన చోటు అది. బీటెక్ తరగతులు, వైద్యం, వాణిజ్యం లేని అలాంటి సంస్థ విశ్వవిద్యాలయాల ర్యాంకుల జాబితాకు ఎక్కదు. వెయ్యి అడుగులు తవ్వినా నీళ్లు పడని బోర్లున్న జిల్లా నుంచి ఒక ఇంజనీరు వెళ్లదగిన చోట్లలో ముందుండేది మీ జాబితాకు కనబడకపోతే, తప్పు ఆ సంస్థది కాదు. ఏ చదువు ఇక్కడి కొరత తీరుస్తుందో జలవనరుల శాఖ, వైద్య శాఖ, వ్యవసాయ శాఖ కూర్చుని ఏటా చెప్పాలి. ఆ పని లండన్ ర్యాంకుల కంపెనీకి ఎందుకు అప్పగించారు?

రాయలసీమకు మాట ఇచ్చి మరవడం కొత్త కాదు. కోస్తా నాయకులతో కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడికలో నదీజలాలతో పాటు అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెడతామన్న మాటా ఉంది. అక్కడ పీజీ కేంద్రం తెరిచింది 1968లో. ఒక తరం చదువు ఆ మధ్యలో గడిచిపోయింది. మీ పథకం ఆ వరుసలో చేరకూడదన్న ఆదుర్దాతోనే ఇంత దూరం రాశాను.

మీరు చేయగలిగినవే అడుగుతున్నాను. మంజూరు పత్రంలోనే విడతల తేదీలు వేయండి, తేదీ దాటితే విద్యార్థి బయట కట్టిన వడ్డీ ప్రభుత్వమే భరిస్తుందని రాయండి, దాని కింద ఒక అధికారి సంతకం ఉండాలి. డిపాజిట్టు సొమ్ము ప్రయాణానికి ముందే ఇవ్వండి. ఉద్యోగులకు వయసును పుట్టిన తేదీతో కాక సర్వీసులో చేరిన తేదీతో లెక్కించండి. నిరభ్యంతర పత్రం నెలలోగా ఇవ్వకపోతే ఇచ్చినట్టే అనుకోండి. చదివొచ్చినవారిని చదివిన పనిలోనే వేయండి. ఇష్టం వచ్చిన సీట్లో కూర్చోబెట్టే హక్కు ప్రభుత్వానికి ఉండొచ్చు గానీ, అంత డబ్బు పోసి నేర్పించిన విద్యను బిల్లుల కింద పెట్టే హక్కు లేదు.

నాకు జవాబు రాయనవసరం లేదు. ఆమె చివరి విడత ఏ తేదీన బ్యాంకులో పడుతుందో ఆమెకు రాసి పంపండి. వచ్చే నెల వడ్డీ కట్టే వేళకు ఆ ఉత్తరం వాళ్లింటికి చేరాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
కర్నూలు