ఆపద వేళ చలానా

మా బస్తీ ఆటోడ్రైవరు ఒకరు అర్ధరాత్రి వేళ నొప్పులు పడుతున్న గర్భిణిని ఆసుపత్రికి తీసుకువెళుతూ ఎర్రదీపం దాటాడు. కూడలిలోని కానిస్టేబుల్ ఆపి, లోపలికి తొంగిచూసి, "జల్దీ వెళ్లు భాయ్" అని పంపించాడు. మూడవ రోజున ఫోనుకు చలానా వచ్చింది. మనిషి చూసిన గర్భిణిని కెమెరా చూడలేదు.

అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి పదివేల రూపాయల జరిమానా విధించవచ్చునని 2019 సవరణ చట్టం చెబుతున్నది. మంచిదే. కాని పేదవాని ఇంట అంబులెన్సు వచ్చేలోగా అందేది పక్కింటి ఆటోయే. పెద్ద కీడును తప్పించేందుకు, దురుద్దేశం లేకుండా, సద్భావంతో చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షను అంటున్నది. అయితే అది న్యాయస్థానంలో చెప్పుకునే మాట. రోడ్డు మీద న్యాయం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పోలీసు మనసును బట్టి ఉంటుంది. గడ్డం, బురఖా కనిపించిన చోట ప్రశ్నలు పెరుగుతాయని మనవారు వాపోవడం వింటూనే ఉన్నాము. ఆ కానిస్టేబుల్ మంచివాడు. మంచివాడు డ్యూటీలో ఉంటేనే న్యాయం దొరకడం మాత్రం మంచిది కాదు.

ఏళ్ల తరబడి ఫైళ్ల మధ్య బతికినవాడిని. నోటిమాటతో ఇచ్చిన మినహాయింపు మరునాటికి ఇవ్వనట్లే. వాహనం నంబరు, సమయం, కారణం పోలీసు అక్కడికక్కడే నమోదు చేయాలి. ఆసుపత్రి చీటీ చూపితే చలానా రద్దు కావాలి. కాదంటే కారణం రాసి ఇవ్వాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఈ వెసులుబాటు వర్తించకూడదు. తెలంగాణ ప్రభుత్వం 2022లోనూ, 2023 చివరలోనూ పెండింగు చలానాలపై భారీ రాయితీలు ఇచ్చింది. ద్విచక్ర వాహనాలకు మొదటిసారి 75 శాతం, రెండవసారి 80 శాతం తగ్గించింది. ఏ ఆపదా లేనివారికీ దక్కిన ఆ దయ ప్రాణం కాపాడబోయినవానికి నియమంగా దక్కకూడదా?

షబ్-ఎ-బరాత్ రాత్రి మన కుర్రవాళ్ల బైకు పందేలకు భయపడి ఫ్లైఓవర్లు మూసివేసే నగరంలో ఈ కోరిక కోరడం నాకూ కొంత ఇబ్బందే. వారిని అదుపు చేయవలసిన పని మనది.

ఈలోగా ఎవరికైనా ఇటువంటి చలానా వస్తే ఆసుపత్రిలో చేర్చిన సమయం ఉన్న చీటీని భద్రపరచండి. డబ్బు కట్టక ముందే అభ్యంతరం దాఖలు చేయండి. మా ఆటోడ్రైవరుకు ఇదే చెప్పాను. ఆఫీసుల చుట్టూ తిరిగితే పోయే కిరాయి జరిమానా కంటే ఎక్కువని లెక్కవేసి, అతడు అప్పటికే డబ్బు కట్టేశాడు.