గోధుమ రంగు గుడ్డంతా నాటు గుడ్డు కాదు: పిల్లలు కొనే ముందు తెలుసుకోండి

పట్టణాల్లో గోధుమ రంగు గుడ్డును నాటు గుడ్డని ఎక్కువ ధరకు కొంటున్నారు. ఆ గిరాకీ చూసి మీరూ పెరటి కోళ్లు మొదలుపెట్టాలనుకుంటే, రంగు ఎక్కడి నుంచి వస్తుందో ముందు తెలుసుకోండి.

పెంకు రంగు పెట్ట వంశాన్ని బట్టి ఉంటుంది. కోడి కడుపులో పెంకు తయారయ్యేటప్పుడు దాని మీద ప్రోటోపార్ఫిరిన్ అనే రంగు పదార్థం చేరితే గుడ్డు గోధుమ రంగులో వస్తుంది. వైట్ లెగ్‌హార్న్ తెల్ల గుడ్లు పెడుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ గోధుమ రంగు గుడ్లు పెడతాయి. మేత మారిస్తే పచ్చసొన రంగు మారుతుంది కానీ, తెల్ల గుడ్డు పెట్టే కోడి గోధుమ రంగు గుడ్డు పెట్టదు. వయసు పెరిగినా, జబ్బు చేసినా గోధుమ రంగు కాస్త వెలిసిపోతుంది.

పంజరాల్లో పెంచే కొన్ని హైబ్రిడ్ లేయర్లు కూడా ఇదే రంగు గుడ్లు పెడతాయి. అవి పెద్ద ఎత్తున మార్కెట్‌కు వస్తే రంగు మీద వచ్చే అదనపు ధర నిలవదు. కాబట్టి రంగును నమ్ముకుని అప్పు చేయకండి.

పుంజు సంగతి మరవకండి. ఈ రోజు పెట్టే గుడ్డు రంగును పుంజు మార్చదు. కానీ దానికి పుట్టిన పెట్టలు పెట్టే గుడ్ల రంగులో దానికీ వాటా ఉంటుంది. నాటు పెట్టల మీద లెగ్‌హార్న్ పుంజును వదిలితే, పుట్టే పెట్టల గుడ్లు లేత రంగుకు దిగుతాయి.

ఈకల రంగు వేరే లెక్క. డేగ, కాకి, నెమలి అని మనం పిలిచే రంగులకు కారణమైన జన్యువులు వేరు, పెంకు రంగువి వేరు. ఈకలు చూసి గుడ్డు రంగు చెప్పలేం.

మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ విషయంలో మరీ జాగ్రత్త. దాని చర్మానికి, మాంసానికి నలుపునిచ్చే జన్యువు ప్రబలమైనది. అందుకే సంకర పిల్లలు కూడా నల్లగా ఉండొచ్చు. నలుపు ఒక్కటే స్వచ్ఛతకు రుజువు కాదు. అది నల్ల గుడ్డు పెడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. పెట్టేది లేత గోధుమ లేదా మీగడ రంగు గుడ్డే.

ఏం చేయాలి?

• పిల్లల్ని ప్రభుత్వ ఫారం లేదా నమ్మకమైన హేచరీలో, రసీదుతో కొనండి.
• తల్లి మంద ఏ జాతిదో, ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుందో అడగండి.
• అమ్మేటప్పుడు రంగు గురించి కాకుండా, కోళ్లను ఎలా పెంచారో, గుడ్డు ఏ రోజు పెట్టిందో చెప్పండి. కొనేవారు మళ్లీ మీ దగ్గరకే వస్తారు.