అమ్మేటప్పుడు వర్తకుడు, అడిగేటప్పుడు వైద్యుడు

"వైద్యంలో గ్యారంటీ ఉండదు సార్. ఒక్కొక్కరి శరీరం ఒక్కొక్క రకంగా స్పందిస్తుంది."

ఈ రెండు వాక్యాలనూ హైదరాబాదులో ఒక చల్లని గదిలో, మెత్తని సోఫాలో కూర్చుని, అరగంటలో నాలుగుసార్లు విన్నాను. చెప్పినవాడు వైద్యుడు కాదు. మెడకు టై కట్టుకొన్న ఒక యువకుడు, హోదా కౌన్సెలర్. పద్నాలుగు నెలల క్రిందట ఇదే గదిలో మా మేనల్లుడికి ఆ సంస్థవారు చెప్పిన మాట వేరు. "పెళ్ళినాటికి మీ పాత ఫోటో మీరే గుర్తుపట్టరు" అన్నారట.

విషయం బట్టతల. నవ్వదలచుకొన్నవారు ఇక్కడే ఒకసారి నవ్వేసి ముందుకు రండి. ఆ నవ్వు సంగతి చివర్లో మాట్లాడుకొందాం.

మావాడు పాశమైలారంలో ఒక బల్క్ డ్రగ్ కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగి. ఇస్నాపూర్‌లో ఒక గది అద్దెకు తీసుకొని ఉంటాడు. ఇరవయ్యెనిమిదేళ్ళు. రెండేళ్ళుగా సంబంధాలు చూస్తున్నాం. రెండుచోట్ల అమ్మాయి తరఫువారు తల చూసి వద్దన్నారు, మూడోచోట కారణం చెప్పలేదు గాని అదేనని వీడి నమ్మకం. (పటాన్‌చెరు ప్రాంతంలో జుట్టు రాలితే తప్పు బోరునీళ్ళదే అంటారు. నక్కవాగు చరిత్ర ఎరిగినవాడిని కనుక ఆ మాటను తేలికగా తీసిపారేయలేను. కాని మా బావకూ, ఆయన తండ్రికీ ముప్పయ్యేళ్ళకే బట్టతల. వారిద్దరూ ఈ నీళ్ళు తాగినవారు కారు.) చివరికి ఫోనులో కనిపించిన ఒక ప్రకటన పట్టుకొని వెళ్ళాడు. 3,000 గ్రాఫ్టులు, ఒకే రోజు, రూ.1,35,000. ముందు రూ.15,000 కట్టి, మిగిలినది ఇరవై నాలుగు నెలల వాయిదాలు. సౌందర్య చికిత్సకు ఆరోగ్య బీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ వంటివాటి తరువాత చేసే పునర్నిర్మాణానికే మినహాయింపు ఉంది. కనుక ప్రతి పైసా నెలజీతంలోంచి కట్టవలసినదే.

ఈ శస్త్రచికిత్సలో బయటివారికి తెలియని సంగతి ఒకటుంది. గ్రాఫ్టు అంటే ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుండే చిన్న మూలం. తల వెనుకభాగంలోంచి ఒక్కొక్కదాన్నే పెకలించి ముందు నాటుతారు. పెకలించినచోట మళ్ళీ మొలవదు. నాటిన వెంట్రుకలు మొదటి నెలన్నరలో రాలిపోయి, మూడు నాలుగు నెలలకు తిరిగి మొలకెత్తుతాయి. పూర్తి ఫలితం తెలియడానికి సుమారు ఏడాది పడుతుంది. అంటే వెనుకనున్నది మూలధనం. ఒకసారి దుబారా అయితే తిరిగి రాదు. చెడిన క్షవరం నెలలో సర్దుకొంటుంది, ఇది సర్దుకోదు.

పద్నాలుగు నెలల తరువాత వాడి తల ముందుభాగం కాలువ నీళ్ళందని ఆఖరు మడిలా ఉంది. అక్కడొక దుబ్బు, ఇక్కడొక దుబ్బు. వెనుకభాగం చిమటలు కొట్టిన శాలువాలా ఉంది. సొమ్ము వాపసు అడిగితే కౌన్సెలర్ చెప్పిన పరిష్కారం: రెండో సిట్టింగు, నలభై శాతం తగ్గింపుతో. దేనిలోంచి తీసి నాటుతారని అడిగాను. అది డాక్టరుగారు చూసి చెబుతారన్నాడు. డాక్టరుగారు ఎక్కడ అన్నాను. ఆయన ఇప్పుడు మరొక బ్రాంచిలో ఉన్నారట. ఆ పైన ఫైలు తెరిచి, ఎట్టి పరిస్థితిలోనూ రుసుము వాపసు ఇవ్వబడదు అన్న వాక్యం క్రింద మావాడి సంతకం చూపించాడు.

నేను కోపంతో ఏదో అనబోయాను. మావాడు నన్ను ఆపి, తన పద్ధతిలో తాను అడిగాడు. బల్క్ డ్రగ్ కర్మాగారాల సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. అక్కడ ప్రతి బ్యాచ్‌కూ ఒక రికార్డు ఉంటుంది. ఏ ముడిసరుకు ఎంత వేశారు, ఎన్ని గంటలకు వేశారు, ఎంత వేడిమి వద్ద ఎంతసేపు ఉంచారు, చేసినదెవరు, సరిచూసినదెవరు, చివరికి చేతికొచ్చిన దిగుబడి ఎంత, అన్నీ రాసి సంతకాలు చేయాలి. బ్యాచ్ తప్పితే ముందుగా తెరిచేది ఆ పుస్తకాన్నే.

"అన్నా, నా రికార్డు సూపెట్టున్రి" అన్నాడు వాడు. "ఎన్ని తీసిన్రు, ఎన్ని పెట్టిన్రు, ఎవలు తీసిన్రు, ఎవలు పెట్టిన్రు, గంటలెన్ని వట్టినయ్. మా దగ్గర బ్యాచ్ ఫెయిలయితే కొన్నోడు వాపస్ పంపుతడు. గప్పుడు మేము కెమిస్ట్రీల గ్యారంటీ ఉండదు అంటే ఊకుంటడా?"

కౌన్సెలర్ వద్ద జవాబు లేదు. నా వాదమంతా వాడి ప్రశ్నలోనే ఉంది, నేను చేసేది వ్యాఖ్యానం మాత్రమే.

వైద్యంలో హామీ ఉండదన్న సూత్రాన్ని నేను గౌరవిస్తాను. అర్ధరాత్రి జ్వరంతో వచ్చిన బిడ్డను చూసే వైద్యుడికి ఆ రక్షణ ఉండి తీరాలి. ప్రతి వైఫల్యానికీ పోలీసు కేసు పెట్టరాదని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది సబబే. కాని ఆ గొడుగు ఎవరి కోసం పట్టారు? రోగం తరిమితే వచ్చినవాడికి, తనకు తెలిసినంతలో చికిత్స చేసేవాడి కోసం. ఇక్కడ రోగమెక్కడ? రోగి తనంతట రాలేదు, ప్రకటన వెళ్ళి పిలుచుకొచ్చింది. ముందు-తరువాత ఫోటోలు, పండుగ తగ్గింపులు, ఈ రోజే బుక్ చేస్తే మరో అయిదువేలు తక్కువ అనే తొందర, గదిలోనే అప్పు మంజూరు. ఇవన్నీ అంగడి లక్షణాలు. అమ్మకం పూర్తయ్యేదాకా వర్తకధర్మం, సొమ్ము తిరిగి అడిగిన క్షణంలో వైద్యధర్మం! ఈ వేషం మార్పు మీదనే నా అభ్యంతరం.

రోగులను ప్రకటనలతో ఆకర్షించడం తప్పని 2002 నాటి భారత వైద్యమండలి నియమావళి చెబుతోంది. నిజమే, కాని ఆ నియమావళి కట్టడి చేసేది వైద్యుణ్ణి. క్లినిక్ పేర నడిచే కంపెనీ నేను వైద్యుణ్ణి కానంటుంది. సరే, వైద్యుడివి కాకపోతే వైద్యుడి గొడుగు క్రిందికి ఎందుకు దూరుతున్నావు?

న్యాయం పక్షాన ఒక ఒప్పుకోలు కూడా చేయాలి. అనుకొన్నంత అందం రాలేదన్న అసంతృప్తి మాత్రమే వాపసుకు కారణం కాదు. "నీ వెనుకభాగం పలచగా ఉంది, సగమే మొలవవచ్చు, అసలు చేయించుకోకపోవడమే మేలు" అని ఒక వైద్యుడు ముందుగా చెప్పి, తన చేత్తో శ్రద్ధగా చేసి ఉంటే, ఫలితం ఇంతే అయినా నేను మావాడితో ఆ సోఫాలో కూర్చునేవాడిని కాను. వాడు అడుగుతున్నది అందానికి పరిహారం కాదు. చెప్పవలసినది చెప్పలేదు, చేయవలసినవారు చేశారో లేదో తెలియదు. తొమ్మిది గంటల పనిలో వైద్యుడు ఇరవై నిమిషాలు కనిపించాడని, మిగిలినది ఇద్దరు టెక్నీషియన్లు చేశారని వాడు అంటున్నాడు. జుట్టు మార్పిడిని తగిన శిక్షణ ఉన్న నమోదిత వైద్యుడే చేయాలని, యూట్యూబులో చూసి నేర్చుకొన్నది శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలిచ్చింది. యూట్యూబు పేరెత్తి మరీ చెప్పవలసి వచ్చిందంటే పరిస్థితి మీరే ఊహించండి.

ఇక ఆ సంతకం. సంతకం చేశాడు గనుక నోరు మూసుకోవాలన్నది మన దేశంలో చదువుకొన్నవారు సైతం నమ్మే అబద్ధం. శస్త్రచికిత్సకు ఒప్పుకోలంటే, జరగబోయేదేమిటో, అందులో ప్రమాదమేమిటో, వేరే మార్గమేమున్నదో తెలిసి ఇచ్చేదే ఒప్పుకోలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమైతే ఇంకా ముందుకు వెళ్ళింది. అవసరమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం సేవాలోపమే. లోపమున్న సేవకు సొమ్ము తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని అన్యాయ వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది; బిల్లులో గడువు రాయకపోతే ముప్పై రోజులన్నది. పార్లమెంటు చేసిన చట్టాన్ని క్లినిక్ ముద్రించిన ఒక వాక్యం రద్దు చేయగలదా?

మరి నిపుణుడి సాక్ష్యం లేకుండా నెగ్గగలమా అని ఒక వకీలు మిత్రుడు భయపెట్టాడు. ఆ భయానికి మందు మన హైదరాబాదు కేసులోనే ఉంది. వి. కిషన్‌రావు అనే ఆయన (పటాన్‌చెరు కాలుష్యంపై పోరాడిన డాక్టరు అల్లాని కిషన్‌రావు వేరు) జ్వరంతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చేర్చాడు. అది మలేరియా అయితే టైఫాయిడుకు మందులిచ్చారు, ఆమె మరణించింది. విచిత్రమేమంటే ఆయన పనిచేసేది మలేరియా శాఖలోనే. జిల్లా ఫోరం రెండు లక్షల పరిహారంతో పాటు, కట్టిన రూ.10,000 వాపసు ఇవ్వమన్నది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ సమర్థించింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టి, ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కరలేదని తేల్చింది. మనిషి పోయిన కేసు అది, మావాడి జుట్టుతో పోల్చడం భావ్యం కాదు. కాని ఆ రూ.10,000 వాపసు అన్న మాటను నేను ఎన్నోసార్లు చదువుకొన్నాను. చేయని వైద్యానికి రుసుము లేదన్న సాదా మాట అది.

ఇప్పుడు మనం ఫిర్యాదు ఇవ్వడానికి క్లినిక్ ఉన్న ఊరికి పోనక్కరలేదు, నివసించే చోటనే ఇవ్వవచ్చు. అంటే సంగారెడ్డిలోని జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు. చిక్కల్లా కాలంతోనే. గడువు రెండేళ్ళు. క్లినిక్‌వారు మొదట ఏడాది ఆగమంటారు, తరువాత ఆర్నెల్లు మందులు వాడమంటారు, ఆ తరువాత పెద్ద డాక్టరు వచ్చేదాకా ఆగమంటారు. ఓపిక పట్టినవాడు గడువు దాటాక మేల్కొంటాడు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలున్నది గాని, దాన్ని నమ్ముకొని కూర్చోరాదు. అందుకే ముందుగా రికార్డుల కోసం రాతపూర్వకంగా అడిగించాను. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది ఆ 2002 నియమావళిలోనిదే.

ఇక నవ్వు సంగతి. ఈ క్లినిక్కులకు అసలు రక్షణ చట్టం కాదు, మన నవ్వు. 2015లో నటి ఆర్తీ అగర్వాల్ కొవ్వు తీయించుకొన్న కొన్ని వారాలకు ముప్పయ్యొక్క ఏళ్ళకే పోయినప్పుడు మనవాళ్ళు ఏమన్నారో గుర్తున్నది. 2016లో హైదరాబాదులో ఒక యువకుడు ఇంట్లో చెప్పకుండా ఎత్తు పెరిగే శస్త్రచికిత్స చేయించుకొన్నప్పుడూ, నేను విన్నంతలో, ఎక్కువమంది అడిగినది వాడికేం పోయేకాలం అని. చేసినవారిని ఎందుకు చేశారని అడిగినవారు తక్కువ. మా ఇంట్లోనూ అంతే. మా అక్క "దేవుడిచ్చింది చాలదారా" అన్నది. నేనూ మొదట నవ్వాను, దాచుకోను. సంబంధాలకు తిరిగేటప్పుడు తల చూసి వద్దన్నవారినెవరినీ నేను ఏమీ అనలేదు; వాడు ఆ తలను బాగుచేసుకోబోతే మాత్రం నవ్వాను. మోసపోయినవాడు సిగ్గుపడి ఊరుకొంటాడన్నది ఆ వ్యాపారానికి పెట్టుబడి. దొంగనోటు చేతిలో పడ్డవాడిని చూసి ఎవరూ ఇలా నవ్వరు.

నిన్న రాత్రి షిఫ్టుకు వెళ్ళేముందు వాడు ఫోను చేశాడు. క్లినిక్ నుంచి పిలుపు వచ్చిందట. నలభైవేలు ఇస్తారు, ఈ విషయం ఇకపై ఎక్కడా ఎత్తనని సంతకం చేయాలి. "ఏం జెయ్యమంటవ్ మామా?" అన్నాడు. వద్దని అనేశాను. తరువాత గుర్తొచ్చింది, మిగిలిన పది వాయిదాలు కట్టవలసినవాడు వాడు, నేను కాదు. నీ ఇష్టమని సర్దుకొని, రికార్డులు ఇచ్చారా అని అడిగాను.

ఇచ్చారట, ఒకే కాగితం. చేసినవారి పేరు రాయవలసిన గడి ఖాళీ. తీసిన గ్రాఫ్టులు 3,000. నాటిన గ్రాఫ్టులు 3,000.

"ఒక్కటి గూడ ఖరాబ్ గాలేదంట మామా" అన్నాడు. "గంత యీల్డ్ మా కంపెనీల ఎన్నడు రాలే."